ఎడమ కాలికి లాడం: ఓల్డ్ మద్రాస్ రోడ్డులో ఒక వెల్డింగ్ షాపు

ఈ షాపుకు బోర్డు లేదు. బెంగళూరులో కె.ఆర్.పురం దాటి ఓల్డ్ మద్రాస్ రోడ్డులో హొస్కోటె వైపు పోతుంటే ఎడమ పక్కన జేసీబీ బకెట్లు, ట్రాక్టర్ ట్రాలీలు బోర్లా పడి ఉండే చోటు ఒకటి వస్తుంది. అక్కడ ఒక రేకుల షెడ్డు, దాని ముందు వేపచెట్టు. గేట్లు, గ్రిల్లులు చేస్తారు, అరిగిన బకెట్ పళ్ళకు కొత్త లోహం పోస్తారు. నేను చేయించుకున్నది వీటిలో ఏదీ కాదు. ఎడమ బూటు కింద కట్టుకునే ఇనుప అడుగు. దీన్ని స్టీల్ షూ అంటారు. ఎనిమిది నెలలు వాడాక ఇది రాస్తున్నాను.

ఈ షూ ఫ్లాట్ ట్రాక్ అనే బైకు రేసు కోసం. దాని గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. కోడిగుడ్డు ఆకారంలో చదునైన మట్టి ట్రాక్. ఎప్పుడూ ఎడమకే తిరగాలి. రేసు బండికి ముందు బ్రేకే ఉండదు. అమెరికాలో తిరనాళ్ళ మైదానాల్లో, గుర్రప్పందేలు జరిగే మట్టి మీద పెరిగిన ఆట ఇది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మైలు పొడవు ట్రాక్ మీద పెద్ద బళ్ళు గంటకు 200 కిలోమీటర్లు దాటి పోతాయి, అదీ మట్టి మీద, ఒకరి మోచేయి ఒకరికి తగిలేంత దగ్గరగా. మన వైపు ఈ ఆట పేరు వినిపిస్తోందంటే కోలారులో సి.ఎస్. సంతోష్ పెట్టిన బిగ్ రాక్ డర్ట్‌పార్క్ ఒక కారణం. 2015లో, ఎడారుల మీదుగా వేల కిలోమీటర్లు సాగే డకార్ ర్యాలీ పూర్తి చేసిన మొదటి భారతీయుడు ఆయనే. ఫ్లాట్ ట్రాక్ నేర్పే రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ స్లైడ్ స్కూల్ అక్కడ నడిచింది. వాళ్ళ హిమాలయన్ బైకును మార్చి చేసిన ఎఫ్‌టీ411 బళ్ళ మీద నేర్పారు.

మాది మాత్రం చిన్న గుంపు, పదకొండు మందిమి. హొస్కోటె అవతల బీడు పొలం ఒకటి నెల అద్దెకు తీసుకున్నాం. ఆదివారం తెల్లారకముందే చేరతాం. నా బండి పాత హీరో ఇంపల్స్.

మొదటి ఆదివారం మామూలు రైడింగ్ బూట్లతోనే దిగాను. మలుపులో ఎడమ కాలు కింద పెట్టాను. బూటు రబ్బరు మట్టిని పట్టుకుంది. బండి ముందుకు పోయింది, పాదం అక్కడే ఆగింది. చీలమండ మెలిపడి మూడు వారాలు కుంటుతూ నడిచాను. గుంపులో ఒకాయన దగ్గర బయటి దేశం నుంచి తెప్పించిన స్టీల్ షూ ఉంది, అడిగితే వెంటనే ఇచ్చాడు. నా పాదం అయిదో నంబరు. అందులో బూటు పెడితే ఇత్తడి గిన్నెలో గరిట వేసినట్టు లోపల కదులుతోంది. ఆడవాళ్ళ కొలతకు రెడీమేడ్‌గా దొరకడం కష్టం, దొరికినా కస్టమ్స్‌తో కలిపి చాలా అవుతుంది. అలా ఈ షెడ్డుకు వచ్చాను.

మేస్త్రీది పుంగనూరు. నాది పలమనేరు. ఊరు పేర్లు చెప్పుకోగానే మాట తేలికయింది. నేను ఫోనులో ఫోటోలు చూపించాను. చూసి, బూటు తీసుకుని తిరగేసి అన్నాడు: "ఇదేందిమా, ఎద్దుకు కొట్టే లాడమే కదా!"

నిజమే, దీనికి మా దగ్గర ఇంతకన్నా మంచి పేరు లేదు. మా తాత ఎద్దులకు సంతలో లాడాలు కొట్టించడం చిన్నప్పుడు చూశాను. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండు ముక్కలు. మేస్త్రీ కూడా అదే పనిలో పుట్టినవాడు, వాళ్ళ నాయన కొలిమి పెట్టుకుని కర్రులు సాగదీసేవాడట. అందుకే కాబోలు, నేను కొలతలు చెప్పబోతే ఆపి ముందు ఒక ప్రశ్న అడిగాడు.

"అది నేలను పట్టుకోవాల్నా, జారాల్నా?"

ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఆ ప్రశ్న. ఎద్దు లాడం తారు రోడ్డు మీద గిట్ట అరగకుండా కాపాడి, అడుగు నిలబెట్టాలి. ఇది జారాలి. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడకుండా బూటు అడుగును బొటనవేలితో రుద్దాడు. తర్వాత అట్ట పరిచి, నన్ను బూటుతో నిలబెట్టి సుద్దముక్కతో గీశాడు. మూడు మిల్లీమీటర్ల పలక కోశాడు. వేళ్ళ వైపు డొప్పలా వచ్చేందుకు పలకను ఎర్రగా కాల్చి, పైపు ముక్క మీద పెట్టి సుత్తితో కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ బూటు పెట్టి చూశాడు. మడమ దగ్గర కొంచెం లేపి, చీలమండ చుట్టూ పట్టీ వెళ్ళడానికి రెండు కొక్కేలు అతికించాడు. మొత్తం 1,800 రూపాయలు.

మొదటిది సరిగ్గా రాలేదు. గురువారం ఇస్తానన్నది మరుసటి వారం శనివారం ఇచ్చాడు, అది వేరే సంగతి. ముందు అంచు చదునుగా ఉండిపోయింది. మూడో మలుపులోనే అది నాగలి కర్రులా మట్టిలోకి దిగింది, కాలు వెనక్కి లాగేసింది. ఈసారి దెబ్బ తగల్లేదు. సోమవారం పొద్దున్నే వీడియో పట్టుకుని షెడ్డుకు పోయాను. గొడవ పడాలనే పోయాను, నిజం చెప్తున్నాను. ఆయన వీడియోను నాలుగుసార్లు చూశాడు. నాలుగోసారి వేలు పెట్టి ఆపించాడు. "మడమ కాదుమా, నీ బరువు వేళ్ళ కింద గుండు మీద ఉంది. అట్లయితే ముక్కు లేవాల." అంచును బొటనవేలి మందం పైకి వంచాడు, పడవ ముక్కులా. అరిగే చోట, వేళ్ళ కింద, బకెట్ పళ్ళకు వేసే గట్టి రాడ్డుతో మూడు వరసలు వెల్డింగ్ పోశాడు. ఈ రెండో పనికి డబ్బు తీసుకోలేదు. ఆ రాడ్డు ఖరీదు నాకు తెలుసు కాబట్టి బలవంతంగా 400 చేతిలో పెట్టాను.

ఆ మూడు వరసల వల్ల ఏమయిందో షూ తిరగేస్తే కనిపిస్తుంది. ఎనిమిది నెలల మట్టి, గులకరాళ్ళు. చుట్టూ ఉన్న మామూలు ఇనుము అద్దంలా నునుపుగా అరిగిపోయింది. గట్టి వరసలు మాత్రం పక్కటెముకల్లా పైకి తేలి నిలబడ్డాయి, నేలను ఇప్పుడు అవే తాకుతున్నాయి. అమెరికాలోనూ ఇలాగే అడుగున గట్టి లోహం పోస్తారు. కాలిఫోర్నియాలోని కొరోనాలో కెన్ మేలీ అనే ఆయన జీవితమంతా ఇవే చేసి 'షూ మ్యాన్' అని పేరు తెచ్చుకున్నాడు, ఛాంపియన్ల ఎడమ పాదాలన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే. మా మేస్త్రీకి ఆ సంగతి చెప్పాను. పేరు ఇంకోసారి చెప్పించుకున్నాడు.

ఇప్పుడు ఈ ఇనుప ముక్క ఏం చేస్తుందో చెప్తాను, ఎందుకంటే చూసేవాళ్ళలో ఎక్కువమంది ఆ కాలు బండిని మోస్తోందనుకుంటారు.

మలుపు వస్తుంది. థ్రాటిల్ మూసేస్తాను. ఎడమ కాలు ఫుట్‌రెస్ట్ మీంచి తీసి ముందుకు చాపుతాను. బండిని ఎడమకు పడేస్తాను. నేను మాత్రం దానితో పాటు వాలను, సీటు కుడి అంచుకు జరిగి నిటారుగా ఉంటాను. కుడి మోకాలు ట్యాంకుకు నొక్కుకుని ఉంటుంది. కుడి పాదం వెనక బ్రేకును కొంచెం తాకుతుంది. వెనక చక్రం పట్టు వదిలి బయటికి జారుతుంది. ఒంట్లో ప్రతి నరమూ పడిపోతున్నావని అరిచే క్షణం అదే. మామూలుగా రోడ్డు మీద ఆ క్షణంలో ఏం చేస్తామో ఇక్కడ దానికి తలకిందులుగా చేయాలి. భయపడి బిగుసుకోకుండా థ్రాటిల్‌ను గోరంత తెరవాలి. హ్యాండిల్ దానంతట అదే కుడికి తిరుగుతుంది. ముందు చక్రం కుడికి చూస్తూ ఉండగా బండి ఎడమకు తిరుగుతుంది. ఆ మూడు నాలుగు సెకన్లూ ఎడమ పాదం నేల మీద తేలుతూ ఉంటుంది. ఇనుము మట్టి మీద సన్నగా బుసకొడుతుంది. బరువంతా దాని మీద వేస్తే మోకాలు పోతుంది. అది ఊతం కాదు. నేల తడిగా ఉందా, పొడిబారిందా, కింద గట్టి పొర తగిలిందా అన్నది అరికాలికి ముందు తెలుస్తుంది, తర్వాతే చక్రాలకు. మేస్త్రీ వేళ్ళ కింద పోసిన ఆ వరసల మీదుగా నేను మట్టిని చదువుతున్నాను.

అమెరికా రేసర్ కెన్నీ రాబర్ట్స్ ఈ మట్టి ట్రాకు నుంచే వచ్చాడు. 1973, 74లో అమెరికా గ్రాండ్ నేషనల్ టైటిల్ గెలిచి, తర్వాత యూరప్ పోయి 1978 నుంచి వరసగా మూడేళ్ళు 500 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. వెనక చక్రాన్ని జారనిస్తూ బండిని తిప్పడం తారు ట్రాకు మీదికి ఆ తరంతోనే వచ్చింది. తారు ట్రాకు మీద జరిగే ప్రపంచ బైకు రేసు మోటోజీపీలో 2006 ఛాంపియన్ నిక్కీ హేడెన్ కూడా మట్టి ట్రాక్ బిడ్డే. 2014 జనవరిలో బార్సిలోనాలో జరిగిన సూపర్‌ప్రెస్టీజియో అనే మట్టి రేసులో మార్క్ మార్కెజ్‌ను అమెరికా మట్టి రైడర్ బ్రాడ్ బేకర్ ఓడించాడు. అప్పటికి మార్కెజ్ 2013 మోటోజీపీ ప్రపంచ ఛాంపియన్, అయినా మట్టి మీద ఓడాడు. మా గుంపులో రాత్రి షిఫ్టు చేసి నేరుగా వచ్చే అబ్బాయి ఒకడు ఈ రేసు గురించి చెప్పని ఆదివారం లేదు. నాకూ విసుగు రాదు.

మా తమ్ముడు ఒకసారి చూడ్డానికి వచ్చి, "గానుగెద్దులా గుండ్రంగా తిరగడమే కదక్కా" అన్నాడు. పది నిమిషాలు కూర్చోబెట్టాను. ట్యాంకరు నీళ్ళు చల్లి, ట్రాక్టర్ వెనక ఇనుప పట్టా కట్టి లాగిన కొత్తలో మట్టి మెత్తగా, పరుపులా ఉంటుంది. అప్పుడు బయటి అంచు పట్టుకుని పోతే బాగుంటుంది. ముప్పై రౌండ్లు తిరిగేసరికి లోపలి వైపు మట్టి గట్టిపడి, టైరు రబ్బరు అంటుకుని నల్లగా మెరుస్తూ దారి ఒకటి ఏర్పడుతుంది. దాన్ని గ్రూవ్ అంటాం. అక్కడి నుంచి ఆట మారిపోతుంది. అరచేయి వెడల్పు తప్పినా జారేది వేరుగా ఉంటుంది. ఎండ ఎక్కితే మళ్ళీ మారుతుంది. రెండు రౌండ్లు ఒకేలా రావు. మావాడు తొమ్మిది గంటలకు పోదామని వచ్చినవాడు పదకొండుదాకా కదల్లేదు.

ఈ గుంపులో నాకు బాగా నచ్చేది ఏమిటంటే, నీ బండి ఎన్ని సీసీ అని ఎవరూ అడగరు. నలుగురు ట్రాకు మీద ఉంటే మిగతావాళ్ళు గట్టున కూర్చుని మట్టి గురించే మాట్లాడుకుంటారు, తెలుగు, కన్నడ, తమిళం కలిపి. ఎవరు పడినా ముందు పరుగెత్తేది వాళ్ళ వెనక వస్తున్న రైడరే. కొత్తవాళ్ళకు పాతవాళ్ళు షూ విప్పి ఇస్తారు. నా అయిదో నంబరు షూ ఇప్పుడు ఇంకో ఇద్దరు అమ్మాయిల కాళ్ళకు కూడా సరిపోతోంది. అమెరికాలో షేనా టెక్స్టర్ 2011లో మగవాళ్ళతో పోటీపడి మెయిన్ రేసు గెలిచిన సంగతి వాళ్ళకు చెప్పింది నేనే.

షాపు సంగతికి వస్తే, మీరు పోయేటట్టయితే కొన్ని తెలిసి ఉండాలి. చెప్పిన రోజుకు పని అవ్వదు, వారం అదనంగా వేసుకోండి. అంచులు గ్రైండింగ్ చేసి ఇస్తాడు గానీ కొక్కేల లోపలి వైపు పదును వదిలేస్తాడు. ఆకురాయితో ఇంట్లో మీరే రుద్దుకోవాలి, లేకపోతే బూటు తోలు కోసుకుపోతుంది. ఆయన వేసిన రెక్సిన్ పట్టీ నెలలోనే తెగింది. కె.ఆర్.పురం సంతలో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర తోలు పట్టీ, బకిల్ వేయించుకున్నాను, 150 రూపాయలు, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వెల్డింగ్ జరుగుతున్నప్పుడు అద్దం అడిగి తీసుకోండి, అడగకపోతే ఇవ్వరు. నేను ఉత్సాహం కొద్దీ దగ్గరికి పోయి చూశాను, ఆ రాత్రంతా కళ్ళలో ఇసుక పోసినట్టే ఉంది.

ఇంకొకటి, దీన్ని కట్టుకుని రోడ్డు మీద బండి నడపకండి. సిగ్నల్ దగ్గర కాలు కింద పెడితే తారు మీద జారిపోతుంది. గేరు కూడా వేళ్ళకు తెలియదు. సంచిలో వేసుకుపోయి ట్రాకు దగ్గరే కట్టుకోవాలి. మా నాన్న పాత బుల్లెట్‌కు గేరు కుడి వైపు, బ్రేకు ఎడమ వైపు ఉండేది. అలాంటి బండితో ఈ ఆట నేర్చుకుంటామంటే ముందు బాగా ఆలోచించుకోండి, ఎడమ కాలు చాపేసరికి బ్రేకు చేజారిపోతుంది.

పోయిన వారం షూ తీసుకుని మళ్ళీ షెడ్డుకు పోయాను. మధ్య వరస సగం అరిగింది. మేస్త్రీ దాన్ని వెలుగులో పెట్టి, అరిగిన తీరు చూసి, "ఇప్పుడు బరువు లోపలి అంచుకు వచ్చింది, నీ కాలు కుదిరింది" అన్నాడు. ట్రాకుకు ఒక్కసారి కూడా రాని మనిషి. వరస మళ్ళీ పోయడానికి 250 తీసుకున్నాడు. అరగంటలో అయిపోయింది.

మంగళవారం సెలవు. పొద్దున తొమ్మిదిలోపు పోతే ఆయనే ఉంటాడు, తర్వాతయితే కుర్రవాళ్ళు ఉంటారు, వాళ్ళకు ఈ పని తెలియదు. బూటు తప్పకుండా తీసుకెళ్ళండి. ఎడమది చాలు.