హైబర్నేట్‌లో ఇంటర్‌ఫేస్‌లు ఎంతవరకు?

జావా ప్రోగ్రామ్‌లోని వస్తువులను (ఆబ్జెక్టులను) డేటాబేస్ పట్టికల్లో భద్రపరచడానికి 2001లో మొదలైన హైబర్నేట్ అనే సాఫ్ట్‌వేర్‌ను నేను మనస్ఫూర్తిగా సిఫార్సు చేస్తాను, అయితే ఇంటర్‌ఫేస్‌ల విషయంలో జాగ్రత్త అవసరం. ఇంటర్‌ఫేస్ చెప్పేది ప్రవర్తనను, అంటే ఒక క్లాసు ఏ పనులు చేయాలో; పట్టికలో నిలిచేది స్థితి, అంటే వస్తువులోని విలువలు. అందువల్ల జావా వస్తువులను డేటాబేస్‌లో భద్రపరిచే తీరుకు నియమాలు చెప్పే జేపీఏ ప్రమాణం, ఇంటర్‌ఫేస్‌ను ఎంటిటీగా (పట్టికలో భద్రపరిచే రకంగా) ప్రకటించనివ్వకపోవడం సరైన నిర్ణయమే. హైబర్నేట్ సొంతంగా ఇచ్చిన ‘ఎనీ’ (@Any) అనొటేషన్‌తో, అంటే కోడ్‌లో పెట్టే గుర్తుతో మాత్రం, ఉమ్మడి మూల క్లాసు లేని కార్డు చెల్లింపునైనా నగదు చెల్లింపునైనా ఒకే ఇంటర్‌ఫేస్ రకపు ఫీల్డులో ఉంచవచ్చు. ఇందుకోసం హైబర్నేట్ రకాన్ని ఒక కాలమ్‌లో, గుర్తింపు సంఖ్యను మరొక కాలమ్‌లో రాస్తుంది కనుక, ఆ సంఖ్య ఏ పట్టికకు చెందినదో డేటాబేస్‌కు తెలియదు, ఫారిన్ కీ (ఒక పట్టికలోని విలువ మరో పట్టికలో తప్పక ఉండాలనే నిబంధన) పెట్టడం కుదరదు, తెగిపోయిన సంబంధాలను కనిపెట్టే భారమంతా ప్రోగ్రామర్ మీదే పడుతుంది. ఇది చిన్న నష్టం కాదు. ఆడిట్ నమోదుల వంటి చోట దీన్ని ఒప్పుకుంటాను గాని, డబ్బు లెక్కలకు మూల క్లాసునే పట్టికకు మ్యాప్ చేసి (జతపరిచి), ఇంటర్‌ఫేస్‌ను కోడ్‌కే పరిమితం చేస్తాను.