అనంతగిరి ఘాట్‌లో ఇంటర్‌సెప్టర్ 650

అరకు నుంచి వైజాగ్ దిగేటప్పుడు అనంతగిరి మలుపుల్లో నా పాత బండి గేరు తగ్గించి క్లచ్ వదలగానే వెనక చక్రం కీచుమని జారేది. వానాకాలమైతే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగేవాణ్ణి. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 తీసుకున్నాక ఆ టెన్షన్ చాలావరకు పోయింది. కారణం స్లిప్పర్ క్లచ్. చక్రం తిరిగి ఇంజిన్‌ని తిప్పే బలం ఎక్కువైతే క్లచ్ ప్లేట్లు కాస్త వదులై ఆ కుదుపును మింగేస్తాయి. మూడు నుంచి రెండుకు వేస్తే బండి ముక్కు కొద్దిగా వంగుతుంది, అంతే. లివర్ కూడా తేలిక.

అయినా నేను క్లచ్ పట్టి, యాక్సిలరేటర్ ఒక్కసారి చిన్నగా తిప్పి, మెల్లగానే వదులుతాను. దిగుడులో బ్రేకులు వేడెక్కకుండా కాపాడేది ఇంజిన్ పట్టే కదా! మొన్న కిందికి వచ్చాక మా ఆవిడ అంది: “ఈసారి హెల్మెట్లు ఒక్కసారి కూడా కొట్టుకోలేదండీ.”