టైగర్ మాత్ అని చెప్పి వేరే విమానం అంటగట్టారు, ఆర్‌సీ కిట్ కొనేవాళ్ళు జాగ్రత్త

రిమోట్‌తో ఎగరేసే (ఆర్‌సీ) పాత బైప్లేన్, అంటే కిందొకటి పైనొకటి రెక్కలున్న విమానం, స్కేల్ మోడల్ కడదామని కిట్ వెతుకుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి. అమ్మినవాడి పేరు రాయట్లేదు, ఎందుకంటే అదే ఫోటోతో అదే కిట్ ఇప్పుడు రెండు మూడు పేర్ల మీద తిరుగుతోంది, పేరు చెప్తే ఇంకో పేరుతో వస్తాడు, అంతే. ఏం చూసుకోవాలో మాత్రం చెప్తా.

నాకు డి హావిలాండ్ టైగర్ మాత్ అనే పాత బైప్లేన్ అంటే ఎప్పట్నుంచో పిచ్చి. 1/5 స్కేల్, లేజర్ కట్ బాల్సా (తేలిక చెక్క), ఫుల్ సైజ్ ప్లాన్ అని యాడ్ చూశా, ఫోటోలో పసుపు రంగు మోడల్ నిజం విమానంలా మెరిసిపోతోంది. ఏం అడిగినా అయిదు నిమిషాల్లో రిప్లై, ఎంత మర్యాదో! సైట్‌లో కాకుండా డబ్బు నేరుగా పంపితే కొంచెం తగ్గిస్తానన్నాడు, ఆశపడి పంపేశా. పెట్టె వచ్చాక షీట్లు లెక్కపెట్టి, సరిపోయాయని అటక మీద పెట్టేశా, చేతిలో ఉన్న పాత బిల్డ్ అయ్యాక మొదలుపెడదామని. రెండు నెలలు అలాగే ఉంది.

తీరా ప్లాన్ తీసి బల్ల మీద పరిస్తే పై రెక్క దగ్గరే తేడా కొట్టింది. చివర్లలో ఐలరాన్ల (విమానాన్ని పక్కకి వాల్చే కదిలే పలకలు) కోసం రిబ్బులు, అంటే రెక్కకి ఆకారమిచ్చే పలచటి చెక్క ముక్కలు, విడిగా కోసి ఉన్నాయి. టైగర్ మాత్‌కి ఐలరాన్లు కింది రెక్కకే ఉంటాయి కదా, పైన ఉండవు. సరే డ్రాయింగ్‌లో పొరపాటేమో అని టేప్ పెట్టి కొలిచా, రెక్క మొత్తం 1.68 మీటర్లే వచ్చింది. అసలు విమానం రెక్క 8.94 మీటర్లు, అందులో అయిదో వంతంటే 1.79 రావాలి, మరి ఆ 11 సెంటీమీటర్లు ఎటు పోయినట్టు? ఉండబట్టలేక 1.68ని 5తో గుణిస్తే 8.4. అప్పుడు వెలిగింది, స్టాంప్ ఎస్‌వీ 4 రెక్క 8.38 మీటర్లు, వెనక్కి వాలిన రెక్కలు, నాలుగు ఐలరాన్లు. అది బెల్జియం విమానం. దూరం నుంచి చూస్తే రెండూ కవలపిల్లల్లా ఉంటాయి, అందుకే ఎవరూ కనిపెట్టరని ధైర్యం కాబోలు. స్టాంప్ చెడ్డ విమానం అనట్లేదు, స్టాంప్ అని చెప్పి అమ్మితే సంతోషంగా కొనేవాణ్ణేమో కూడా.

పోనీ స్టాంపే కట్టేద్దామంటే ఫ్యూజలాజ్ (విమానం మొండెం) ఇంకో ప్లాన్‌లోది! పై రెక్కని ఫ్యూజలాజ్ మీద నిలబెట్టే కాబేన్ తీగలు ముందే వంచి పంపాడు, వాటి మీద పై రెక్క మధ్యభాగం పెట్టి చూస్తే రంధ్రాలు 14 మిల్లీమీటర్లు పక్కకున్నాయి. ఫార్మర్ల (ఫ్యూజలాజ్‌కి ఆకారమిచ్చే అడ్డ పలకలు) గాడులేమో 1/8 అంగుళానికి కోసినవి, అంటే 3.2 మిల్లీమీటర్లు, ఇచ్చిన ప్లై 3 మిల్లీమీటర్లు. 0.2 తేడా ఏం చేస్తుందిలే అనుకుంటాం, పది ఫార్మర్లు తొడిగేసరికి ఫ్యూజలాజ్ నులక మంచంలా ఊగుతోంది.

అన్నిటికంటే కోపం వచ్చింది చెక్క చూసి. తోకకి ఇచ్చిన 2 మిల్లీమీటర్ల షీట్, మీటరు పొడవు 10 సెంటీమీటర్ల వెడల్పు, తూకం వేస్తే 46 గ్రాములు. మంచి తేలిక బాల్సా ఆ సైజులో 20 గ్రాములు, లేదా ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. ఈ పాత విమానాల ముక్కు పొట్టి, తోక సీజీకి (విమానం బరువు తూగే చోటు) చాలా దూరం, వెనకాల 40 గ్రాములు పెరిగితే ముక్కులో దానికి మూడింతల సీసం పెట్టాల్సి వస్తుంది. రిబ్బుల సంగతి చెప్తే నవ్వుతారు. షీట్ మిగుల్చుకోడానికి అడ్డంగా కోశాడు, గ్రెయిన్ (చెక్క నార) ముందు నుంచి వెనక్కి పోవాల్సింది పోయి పై నుంచి కిందికి ఉంది, లేజర్ షీట్ నుంచి బొటనవేలితో నెమ్మదిగా నొక్కి తీస్తుంటేనే వెనక కొస దగ్గర పుటుక్కున విరిగింది, ఒకటి కాదు, నాలుగు.

అమ్మినవాడికి ఫోటోలన్నీ పంపా. ముందు "ఏరోబాటిక్స్ కోసం అప్‌గ్రేడ్ చేశాం సార్" అన్నాడు, తర్వాత పదో వంతు వెనక్కిస్తానన్నాడు, ఒప్పుకోనంటే మాటే లేదు. డబ్బు నేరుగా పంపా కాబట్టి సైట్ వాళ్ళు మాకు సంబంధం లేదన్నారు, సైట్‌లో ఫిర్యాదు చేసే గడువు ఎలాగూ పెట్టె అటక మీద ఉన్నప్పుడే దాటిపోయింది.

కాబట్టి కొనేముందు పై రెక్క ప్లాన్ మీద టేపు పెట్టి ఫోటో తీసి పంపమనండి, తోక షీటు తక్కెడ మీద పెట్టి ఇంకో ఫోటో, రిబ్ షీటు దగ్గర్నుంచి ఒకటి, గ్రెయిన్ ఎటుందో కనపడేలా. కిట్ చేతిలో ఉన్నవాడికి ఇది పది నిమిషాల పని. రేపు పంపుతా ఎల్లుండి పంపుతా అంటే వదిలేయండి. పెట్టె వచ్చిన రోజే విప్పండి, గ్లూ మూత తీయకముందే అన్నీ పొడిగా బిగించి చూడండి.

నా దాంట్లో చక్రాలు, డమ్మీ ఇంజిన్ మాత్రం పనికొచ్చాయి. యాడ్ ఇంకా ఉంది, అదే పసుపు ఫోటో. పెద్దది చేసి చూడండి, ఆ ఫోటోలో పై రెక్కకి ఐలరాన్ గీత ఉండదు.