పాడకూడని గదికి మూడు రాత్రుల అద్దె

మా అమ్మాయి మ్యూజికల్ థియేటర్‌లో, అంటే పాటా నృత్యమూ నటనా కలిసిన నాటకకళలో, బి.ఎఫ్.ఏ. డిగ్రీ తప్ప మరొకటి చదవనని పట్టుబట్టినందువల్ల, ఈ జనవరి చివర నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా మేము మా ఊరు కొలంబస్ నుంచి షికాగోకూ, సిన్సినాటికీ, పిట్స్‌బర్గ్‌కూ కారులో తిరిగాము. అమెరికాలో ఈ చదువుకు మార్కులు ఒక్కటే చూసి సీటు ఇవ్వరు. ముందుగా పాట, నృత్యం, మోనోలాగ్ (ఒంటరిగా చెప్పే నాటక సంభాషణ) వీడియోలు పంపుకోవాలి. ప్రీస్క్రీన్ అనే ఆ వడపోతను దాటినవాళ్ళనే పిలిచి ఎదుట పాడించుకుంటారు. పదకొండు చోట్లకు పంపితే ఏడు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. రుసుములన్నీ కలిపి 1,040 డాలర్లు అప్పటికే కట్టేశాము.

ప్రయాణంలో మాతో మా అత్తగారు కూడా ఉన్నారు. ఆవిడ తెనాలి మనిషి. సురభి వారి నాటకాలు డేరా కింద నేలమీద కూర్చుని చూస్తూ పెరిగారు. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన ఆ సమాజంలో పిల్లలు పాలు మరవకముందే వేదిక ఎక్కుతారు కనుక, పాడుతూ నటించడానికి కాలేజీ ఎందుకో, దానికి ఇంతమంది పరీక్షకులు ఎందుకో ఆవిడకు చివరిదాకా అర్థం కాలేదు.

షికాగోలో మాకు నాలుగు ఆడిషన్లు ఉన్నాయి. దేశంలోని అనేక కళాశాలల అధ్యాపకులు ఏటా కొన్ని నగరాల్లో ఒకేచోట దిగి పిల్లల పాటలు వింటారు. దీనిని యూనిఫైడ్స్ అంటారు. షికాగోలో అది పామర్ హౌస్ హోటల్లో జరుగుతుంది. ఆ హోటల్లోనే గది తీసుకోవలసింది. డబ్బు ఆదా చేద్దామని నేను నాలుగు వీధుల అవతల ఒక అపార్ట్‌మెంట్‌ను మూడు రాత్రులకు అద్దెకు తీసుకున్నాను. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ గదే.

గదిలో పాతకాలపు ఆవిరి రేడియేటర్ ఒకటి ఉంది. దాన్ని తగ్గించే మీట ఊడిపోయి, మొండి ఇనుప కాడ మాత్రమే మిగిలింది. రాత్రంతా అది బుసలు కొడుతూ గదిలోని గాలిని అప్పడంలా ఎండగొట్టింది. గాయకులకు పొడిగాలి శత్రువు. అమ్మాయి గొంతు పట్టేస్తుందన్న భయంతో అత్తగారు రెండు తువ్వాళ్ళు తడిపి రేడియేటర్ మీద ఆరవేశారు. గంటకొకసారి లేచి చూస్తే అవి అట్టల్లా బిగుసుకుపోయి ఉండేవి, మళ్ళీ తడిపి వేసేవారు. మిరియాల పాలు ఇవ్వబోతే, పాలు తాగితే కఫం చేరుతుందని అమ్మాయి వద్దంది. చివరికి శొంఠి వేసిన వేడినీళ్ళ దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది.

మరునాడు ఉదయం ఎనిమిదింటికి అమ్మాయి గొంతు సవరించుకోవడం మొదలుపెట్టింది. పాట కూడా కాదు. పెదవులు అదురుస్తూ సన్నగా తీసే రాగం. పది నిమిషాలు గడిచేసరికి యజమాని నుంచి సందేశం వచ్చింది: పొరుగువారు ఫిర్యాదు చేశారు, నియమాల్లోని పద్నాలుగో అంశం ప్రకారం సంగీత సాధనకు 150 డాలర్ల జరిమానా. ఆడిషన్ల వారంలో, ఆడిషన్ల హోటల్‌కు దగ్గర అని పేరు పెట్టి అద్దెకిస్తున్న మనిషి ఇలా రాశాడు. ఆ మాట చూసే నేను గది తీసుకున్నాను. అమ్మాయి ఆ తరువాత గదిలో నోరు తెరవలేదు; కోపంతోనో, భయంతోనో మాతో కూడా మాట్లాడలేదు. లెక్క ఇదీ: అద్దె 354, శుభ్రం చేసినందుకు 90, పన్నులూ సేవా రుసుమూ 71, పార్కింగ్ 144, జరిమానా 150, మొత్తం 809 డాలర్లు. పామర్ హౌస్‌లో దిగిన పిల్లలు వసారాల్లో, మెట్లమీద, లిఫ్టు ముందు నిలబడి గొంతెత్తి పాడుకుంటుంటే ఒక్కరూ ఏమీ అనలేదు.

ఇక ఆడిషన్ల విషయం. నాలుగూ హోటల్ గదుల్లోనే జరిగాయి, ఒక్కొక్కటి అయిదు నిమిషాలు మించలేదు. ఒకచోట (పేరు చెప్పను) అమ్మాయి పాడుతున్నంతసేపూ పరీక్షకుడు తలవంచి ల్యాప్‌టాప్‌లో ఏదో కొట్టుకుంటూనే ఉన్నాడట. ఇంకొకచోట పియానో వాయించిన వ్యక్తి పాటను పరుగు తీయించాడు. పెద్దలను లోపలికి రానివ్వరు. తలుపు బయట కుర్చీలో కూర్చున్న అత్తగారు రెండో వాక్యానికే ముఖం చిట్లించారు. "హార్మోనియం వాయించేవాడు నటుడి నోటివైపు చూస్తూ వాయించాలయ్యా. వీడెవడో బస్సు దాటిపోతుందన్నట్టు వాయిస్తున్నాడు" అన్నారు. ఆవిడకు ఇంగ్లీషు పాటల్లో ఒక్క ముక్క తెలియదు, కానీ మాకు ఆ వారంలో దొరికిన సమీక్షలన్నిటిలో సరైనది అదే.

సిన్సినాటి ప్రయాణం ఒక్కరోజులో ముగిసింది. కొలంబస్ నుంచి నూరు మైళ్ళ పైచిలుకు దూరం. పెట్రోలుకు 27 డాలర్లు, పార్కింగ్‌కు 12. అక్కడి కన్సర్వేటరీ (సంగీత నాటక కళాశాల) మూలాలు 1867 నాటివి. మ్యూజికల్ థియేటర్‌లో పట్టా ఇవ్వడం కూడా ఈ దేశంలో అందరికన్నా ముందు, 1960ల చివర మొదలుపెట్టినవారిలో వారు ఒకరు. మేము ఒహాయో వాసులం కాబట్టి అక్కడి ఫీజు రాష్ట్రంలోని వారికి వర్తించే తక్కువ ఫీజు, ఆ మాట నేను దాచను. అయితే నన్ను గెలుచుకున్నది చరిత్రా కాదు, ఫీజూ కాదు, పియానో దగ్గర కూర్చున్న పెద్దమనిషి. ఆయన అమ్మాయి ఇచ్చిన కాగితాలను చూసి, నీకు ఎంత వేగం కావాలో నాకు మెల్లగా పాడి చూపించు అని అడిగి, తన మోకాలి మీద తాళం వేసి సరిచూసుకుని, అప్పుడు మొదలుపెట్టారట. అమ్మాయి బయటికి వస్తూనే అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఊపింది. తిరుగుదారిలో గంటన్నరసేపు మాట్లాడుతూనే ఉంది.

పైగా అక్కడ విద్యార్థులు దొరికారు. హోటల్ గదిలో అధ్యాపకులు మాత్రమే ఉంటారు. కాలేజీలో అయితే వసారాలో పిల్లలు తిరుగుతుంటారు, వాళ్ళను అడగవలసినవి అడగవచ్చు. రెండో ఏడాది చివర కొందరిని తీసివేసే పద్ధతి ఉందా, గాత్రం ఒంటరిగా నేర్పుతారా లేక గుంపులోనా, నాలుగో ఏడాది న్యూయార్క్‌లో, నటులకు అవకాశాలు వెతికిపెట్టే ఏజెంట్ల ఎదుట ప్రదర్శనకు ఖర్చు ఎవరు పెడతారు, ఈ మూడు ప్రశ్నలకూ పిల్లలు తడుముకోకుండా చెప్పే జవాబు విన్న తరువాతనే ఏ కళాశాల మీదనైనా అభిప్రాయం ఏర్పరచుకోవాలి. పూర్వ విద్యార్థుల్లో ఎవరు న్యూయార్క్ పెద్ద నాటకశాలలకు, అంటే బ్రాడ్వేకు, వెళ్ళారన్నది బ్రోషర్లోనే ఉంటుంది, దానికోసం కారు తీయనక్కరలేదు.

పిట్స్‌బర్గ్‌లో మేము వెళ్ళింది కార్నెగీ మెలన్‌కు. 1914లో ఈ దేశంలోనే మొదటిసారి నాటకకళలో డిగ్రీ పెట్టిన సంస్థ అది. ఆడిషన్ సాఫీగా జరిగింది. ఆ రాత్రి హోటల్ గది 132 డాలర్లు, అల్పాహారం అందులోనే. గోడ అవతల ఎవరు ఉన్నారో గాని, అమ్మాయి అరగంట పాడినా తలుపు తట్టలేదు.

మరునాడు అత్తగారి పట్టుదల మీద పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాము. 1970ల నుంచి ఉన్న ఆ గుడి కొండవాలు మీద మంచులో తెల్లగా నిలబడి ఉంది. దర్శనం అయ్యాక కింద భోజనశాలలో పులిహోర, దద్దోజనం తీసుకున్నాము, ముగ్గురికీ 24 డాలర్లు. పులిహోరలో చింతపండు గుజ్జు మెతుకుమెతుకుకూ పట్టి, వేరుశెనగపప్పు మెత్తబడకుండా కరకరలాడుతూ ఉంది. షికాగోలో సరిగా తినని పిల్ల రెండోసారి వడ్డించుకుంది. అత్తగారు ఇంగువ ఒక పిసరు తగ్గిందన్నారు గాని, దారిలోకని మరొక పొట్లం కట్టించుకున్నారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. కారులో నాలుగు గంటల్లో చేరగలిగిన కళాశాలకు యూనిఫైడ్స్‌లో ఆడిషన్ ఇవ్వకండి, కాలేజీకే వెళ్ళండి. దూరపు కళాశాలలు నాలుగైదు ఉంటే మాత్రం షికాగో ఖర్చు గిట్టుబాటవుతుంది, కానీ అప్పుడు ఆడిషన్లు జరిగే హోటల్లోనే గది తీసుకోండి. నేను 809 డాలర్లు పోసి దాచుకున్నది ఏమీ లేదు. జరిమానా మీద యజమానికి రెండుసార్లు రాశాను. నియమాలు చదువుకోవలసింది అని ఒక వాక్యం బదులు వచ్చింది.

వచ్చే శనివారం ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయం ఆడిషన్ మిగిలి ఉంది, సుమారు 190 మైళ్ళు. అక్కడ గది తీసుకోలేదు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, అమ్మాయిని దారి పొడవునా కారులోనే పాడుకోమన్నాను. అత్తగారు ముందు సీటు తనకే కావాలన్నారు.