లావెక్కిన గుండె గోడకు ఆల్కహాలా, కాయిలా, గ్లూనా: ఏది మేలు?

"బాపు గుండెల మందు పోస్తరా సార్?" అనడిగాడు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేసే పెద్దాయన కొడుకు. ఆ అబ్బాయి టెన్షన్ అర్థమైంది. మందు అన్న మాట మన దగ్గర అలాంటిది మరి.

పెద్దాయనకు గుండెలో కింది గదుల మధ్య గోడ 20 మిల్లీమీటర్ల మందం ఉంది. ఉండాల్సింది 12 లోపే. రక్తం బయటికి పోయే దారికి ఆ గోడ అడ్డం పడుతోంది. మిర్చి బస్తా ఎత్తితే ఆయాసం, కళ్లు తిరగడం. మాత్రలతో తగ్గకపోతే, ఆ అడ్డానికి ముందూ వెనకా రక్తపు ఒత్తిడి తేడా 50 మిల్లీమీటర్ల పాదరసం దాటితే ఆపరేషన్ చేయాలి, లేదా క్యాథెటర్ అనే సన్నని గొట్టంతో, గోడకు రక్తమిచ్చే రక్తనాళపు చిన్న కొమ్మను మూసి అంతమేర కండను చంపాలి.

1994లో గుండె డాక్టర్ ఉల్‌రిష్ సిగ్వార్ట్ ఈ పద్ధతి మొదలుపెట్టింది ఆల్కహాల్‌తోనే. కొమ్మలో బెలూన్ ఉబ్బించి, 1 నుంచి 3 మిల్లీలీటర్లు మెల్లగా పోస్తారు. అది రక్తనాళంతో పాటు కండ కణాలనూ చంపుతుంది. దాని బలమంతా అక్కడే. ఖర్చూ తక్కువ. కానీ నీళ్లలా పలచన. బెలూన్ పక్క నుంచి పెద్ద రక్తనాళంలోకి జారితే పెద్ద గుండెపోటే. గుండెలోని కరెంటు దారి దెబ్బతిని, సుమారు పదిమందిలో ఒకరికి పేస్‌మేకర్ కావాల్సి వస్తుంది.

కాయిల్ అంటే కొమ్మలో పెట్టే సన్నని లోహపు తీగచుట్ట. దానికి ఆల్కహాల్‌లా జారే భయం లేదు, కరెంటు దారికీ ముప్పు తక్కువ. అయితే అది మూసేది కొమ్మ మొదట్లోనే. తూము మూసినా పక్క మడి నుంచి నీళ్లు ఊరినట్టు, పక్క దారుల్లో రక్తం చేరి కండ బతికిపోతుంది.

గ్లూ అంటే వైద్యంలో వాడే జిగురు, రక్తం తగలగానే గట్టిపడుతుంది కాబట్టి దూరం పోదు. నూనెలాంటి లిపియోడాల్ కలిపితే ఎక్స్‌రేలో కనబడుతుంది కూడా. క్షణం ఆలస్యమైతే క్యాథెటర్ కొసే అతుక్కుపోవచ్చు. అలవాటున్న చేయి కావాలి.

నా ఓటు ఆల్కహాల్‌కే. పక్క దారులు ఎక్కువున్న చోట మాత్రం గ్లూ గురించి ఆలోచిస్తాను. ఏది వాడినా ముందు ఆ కొమ్మలోకి కాంట్రాస్ట్ (స్కాన్‌లో మెరిసే ద్రవం) పంపి ఎకోలో, అంటే గుండె అల్ట్రాసౌండ్‌లో, చూడాల్సిందే. గోడలో తెల్లగా మెరిసినంత మేరే రేపు చచ్చే కండ. ఆ మెరుపు కవాటాన్ని పట్టి ఉంచే కండలో కనబడితే ఆ కొమ్మలో చుక్క కూడా పోయకూడదు.

"తాగే మందు కాదు బిడ్డా, 2 మిల్లీలీటర్లే" అన్నాను.

"నొప్పైతదా సార్?"

"పోసేటప్పుడు ఛాతీల నొప్పొస్తది. ముందే ఇంజెక్షన్ ఇస్తం. తర్వాత కొన్ని రోజులు మానిటర్ మీదనే ఉండాలె. పక్కన నువ్వుండు."