గ్రీకు వెండి నాణేలు ఎన్ని కొట్టారు: అచ్చులు లెక్కపెట్టాలా, నిధులు చూడాలా?

శ్రమ: అచ్చుల దారి అంటే ఎన్ని అచ్చులు వాడారో తేల్చి, దాన్నిబట్టి నాణేల సంఖ్య అంచనా వేయడం. దీనికి నాణేల ఫొటోలు పక్కపక్కన పెట్టి, వాటిమీది అథీనా దేవత ముక్కు మీద పగులు, చెవిపోగు పక్కన గీత పోల్చాలి. కళ్లు లాగేస్తాయి. నిధులైతే, అంటే ఒకేచోట దాచిపెట్టగా దొరికిన నాణేలైతే, ఏ ఊరివి ఎన్నో విడదీస్తే సరి.

రిస్క్: బొమ్మ అచ్చు దాగలిలో కూర్చుంటుంది, సుత్తిదెబ్బ నేరుగా తినేది బొరుసు అచ్చు. అందుకే ఎక్కువకాలం నిలిచే బొమ్మనే లెక్కిస్తారు. కానీ ఒక్కో అచ్చుకు ఎన్ని నాణేలు? గ్రీసులోని డెల్ఫీ నాణేలపై వేసిన అంచనాయే సుమారు 23,000 నుంచి 47,000 దాకా ఊగుతుంది! ఇక ఈజిప్టులోని అస్యూత్ నిధిలో దాదాపు 900 నాణేలున్నా, అక్కడికి ఏవి చేరాయన్నదే తెలుస్తుంది.

ఒక్కో అచ్చువి చాలా నాణేలు మిగిలిన చిన్న టంకశాలకు అచ్చులే నయం. గుడ్లగూబ ముద్ర ఉన్న ఏథెన్స్ నాణేల్లా కుప్పలుగా కొట్టినవాటికి, ముందు నిధులే.