టికెట్టు ముక్కల వేటలో హైదరాబాద్

థీమ్ పార్కు గేటు దాటి బయటికి వస్తూ జనం చెత్తబుట్టలో వేసే కాగితాలే నాకు కావాలి. చింపిన టికెట్టు, దారి చూపే మ్యాపు, చేతికి కట్టిన పట్టీ, చివరికి పార్కింగ్ రసీదు కూడా. రైడ్లు ఎక్కుతాను, అందరితో పాటు అరుస్తాను. కానీ పార్కు ఏదైనా కొన్నేళ్లకు పాత రైడును పీకేసి కొత్తది పెడుతుంది. పీకేసినది ఒకప్పుడు అక్కడ ఉండేదని చెప్పడానికి ఆ కాగితం తప్ప వేరే సాక్ష్యం ఉండదు.

అమెరికాలో దీనికి పెద్ద బజారే ఉంది. 1955 జులై 17న డిస్నీల్యాండ్ తెరిచారు. ఆ ఏడాదే ఎ, బి, సి అక్షరాలతో కూపన్ల పుస్తకాలు వచ్చాయి. 1959 నాటికి అవి ఇ దాకా పెరిగాయి. ఇ కూపనుంటేనే గొప్ప రైడ్లు ఎక్కనిచ్చేవారు. 1982లో ఆ పద్ధతి పోయింది. అందరూ ఇ కూపన్లను ముందే ఖర్చుపెట్టేవారు, చప్పని రైడ్ల ఎ కూపన్లు సొరుగుల్లో మిగిలిపోయేవి. అందుకే నేడు సేకర్తలకు ఎ సులభంగా దొరుకుతుంది, ఇ కోసం వెతుక్కోవాలి. 1953లో ఒక వారాంతంలో చిత్రకారుడు హెర్బ్ రైమన్ గీసిన డిస్నీల్యాండ్ తొలి పటం 2017 వేలంలో 7,08,000 డాలర్లు పలికింది. అప్పట్లో దాని పని బ్యాంకర్లకు చూపించి అప్పు పుట్టించడమే.

మన దేశంలో? ఢిల్లీలో 1984లో మొదలైన వినోద పార్కు అప్పూ ఘర్ 2008లో మూతపడింది. ఒక తరం పిల్లలు తిరిగిన చోటు అది. దాని టికెట్టు ఒక్కటి చూపించమంటే ఎంతమంది చూపించగలరు? ఆ ప్రశ్న మనసులో పెట్టుకునే సంక్రాంతి సెలవుల్లో మా మేనల్లుణ్ని వెంటబెట్టుకుని విజయవాడ నుంచి హైదరాబాద్ బయలుదేరాను. వాడికి రోలర్ కోస్టర్ కావాలి, నాకు కాగితం కావాలి.

ముందుగా ఒక మాట. పండగకు హైదరాబాద్ అంతా మన వైపు వస్తుంది కాబట్టి ఎదురు దిశలో బస్సులు ఖాళీ. అడిగిన సీటు దొరికింది. అటు పక్క టోల్‌గేటు దగ్గర కార్ల బారు చూస్తూ, ఇటు కాళ్లు చాపుకుని వెళ్లాం. నగరంలో రోడ్లు కూడా ఆ నాలుగు రోజులూ ఖాళీగానే ఉంటాయి. పార్కులు మాత్రం ఖాళీగా ఉండవు. ఊరికి వెళ్లని వాళ్లంతా అక్కడే ఉంటారు.

విజయవాడ నుంచి వచ్చే వాళ్లకు రామోజీ ఫిల్మ్ సిటీ నగరం కంటే ముందే తగులుతుంది. ఊళ్లోకి వెళ్లి, బస దొరకబుచ్చుకుని, మళ్లీ 30 కిలోమీటర్లు వెనక్కి రావడం దండగ. 1996లో మొదలైన ఈ స్థలం ప్రపంచంలోనే అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్‌కెక్కింది. 1,666 ఎకరాలంటే వినడానికి అంకె. ఎర్ర బస్సు ఎక్కి సెట్ల మధ్య తిరుగుతూ, ఇంకా అయిపోలేదా అనుకున్నప్పుడు అర్థమవుతుంది.

స్టూడియోను చూపించి టికెట్టు వసూలు చేయడం పాత విద్యే. 1915లో యూనివర్సల్ అధిపతి కార్ల్ లెమ్లీ 25 సెంట్లు తీసుకుని, షూటింగులు చూడనిచ్చి, కోడికూర భోజనం పొట్లం కూడా ఇచ్చేవాడు. మూకీ సినిమాలు కాబట్టి జనం ఈలలు వేసినా నష్టం లేదు. టాకీలు వచ్చాక ఆ సందడికి చోటు లేకపోయింది. 1964లో ట్రామ్ యాత్రగా అది మళ్లీ మొదలైంది. ఆ వంశంలో పుట్టిన బిడ్డే మన ఫిల్మ్ సిటీ. అందుకే ఇక్కడ నాకు రైడ్ల కంటే సెట్లే ముఖ్యం. బాహుబలి సెట్టు దగ్గర అందరూ ఫొటో కోసం ముందు వైపు నిలబడతారు. నేను ఏ సెట్టుకైనా పక్కకు, వీలైతే వెనక్కి పోతాను. ముందు నుంచి రాతి గోడలా కనిపించేది పక్కనుంచి చూస్తే బోలు. వేలితో తడితే డబ్బా మోగినట్టు మోగుతుంది. ఎండకు రంగు వెలిసిన చోట్ల పెచ్చులు లేచి లోపలి తెల్లటి పొర కనిపిస్తుంది. దాన్ని లోపమనుకోను. తాత్కాలికంగా కట్టిన వస్తువుకు వయసు వస్తే ఎలా ఉంటుందో చూసే అవకాశం ఎక్కడపడితే అక్కడ దొరకదు.

మూవీ మ్యాజిక్ దగ్గర కూడా నిలబడండి. ప్రేక్షకుల్లోంచి ఒకరిద్దరిని పిలిచి, సినిమా దృశ్యం ఎలా తీస్తారో, దానికి శబ్దం ఎలా అతుకుతారో చేసి చూపిస్తారు. మావాడు చెయ్యి ఎత్తాడు, పిలవలేదు, కాసేపు మూతి ముడుచుకున్నాడు.

బస సంగతి. ఫిల్మ్ సిటీ లోపల సితార, తార లాంటి హోటళ్లు ఉన్నాయి. సితార విలాసానికి, తార మధ్యస్థానికి. ఒక్కరోజు చూసి పోయేవారికి లోపల బస అక్కర్లేదు. రెండో రోజు కూడా చూడాలనుకునే వారికి, పెద్దవాళ్లు వెంట ఉన్నవారికి మాత్రం పెట్టిన డబ్బుకు విలువ ఉంది, పొద్దున్నే గేటు దగ్గర వరుసలో నిలబడే శ్రమ తప్పుతుంది. మేము పొదుపు కోసం హైవే పక్కన ఒక హోటల్లో దిగాం. ఫోన్లో చూపిన గది వేరు, తాళం తీసి చూపిన గది వేరు. రాత్రంతా లారీల హారన్లు. వేడినీళ్లు అడిగితే, వస్తాయని చెప్పే మనిషి వచ్చాడు గాని నీళ్లు రాలేదు. హైవే మీద దిగదలచుకుంటే వెనక వైపు గది అడిగి, చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

మర్నాడు బస నాంపల్లికి మార్చాం. స్టేషన్ ఎదుట వీధిలో పాత లాడ్జి. లిఫ్టు లేదు, గోడలకు సున్నం. కానీ దుప్పట్లు ఉతికినవి, బకెట్ నిండా వేడినీళ్లు, నాలుగడుగులు వేస్తే ఇరానీ చాయ్. నాలాంటి అభిరుచి ఉన్నవారికి బస చేయాల్సిన పేట ఇదే. ఎందుకంటే ఎగ్జిబిషన్ గ్రౌండ్ నడిచి వెళ్లేంత దూరంలో ఉంది.

ఆ గ్రౌండులో జరిగే నుమాయిష్ గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్న ప్రదర్శనగా మొదలుపెట్టారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించాడు. 1946లో నాంపల్లికి మారింది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడుమ దాకా సాగుతుంది. దాని రాబడితో ఎగ్జిబిషన్ సొసైటీ కళాశాలలు నడుపుతుంది, వాటిలో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం ఆ ఆవరణలోనే ఉంది. కశ్మీరు శాలువలు, లక్నో చికన్ పని, పచ్చళ్లు, పరుపులు అన్నీ దాటుకుని లోపలికి వెళితే దీపాల వెలుగులో జెయింట్ వీల్. డిస్నీల్యాండ్ పుట్టక ముందు నుంచే దాదాపు ఏటా జరుగుతున్న సంబరమిది! దీన్ని థీమ్ పార్కు అనరని నాకూ తెలుసు. కానీ వినోద పార్కుల చరిత్ర మొదలైందే సంతల్లో, ప్రదర్శనల్లో. జార్జ్ ఫెర్రిస్ చక్రం 1893లో షికాగో ప్రదర్శన కోసం కట్టిందే కదా. 264 అడుగుల ఎత్తు, 36 పెట్టెలు, పెట్టెకు 60 మంది.

నాంపల్లి చక్రం అంత పెద్దది కాదు. ఎక్కేముందు తొట్టి అంచును దగ్గరగా చూశాను. నీలం రంగు పెచ్చు లేచిన చోట కింద గులాబీ, దాని కింద పసుపు, అన్నిటికంటే కింద తుప్పు. తొట్టి అంకె చేత్తో రాసినది. పాత అంకె పూర్తిగా కప్పబడక కొత్త అంకె వెనక నీడలా కనిపిస్తోంది. నడిపే అతన్ని అడిగితే, ఇది తన తండ్రి కాలంనాటి చక్రమని, ఇక్కడ విప్పాక జాతరలకు పోతుందని చెప్పాడు. కొమురవెల్లి పేరు చెప్పాడు, ఏడుపాయల పేరు చెప్పాడు. ఆ రంగుల పొరలు ఒక్కో ఏడాది ముస్తాబన్నమాట. మ్యూజియంలో పెట్టదగిన వస్తువు మీద కూర్చుని గిర్రున తిరిగాం.

టికెట్టు పలచటి గులాబీ కాగితం. అంకె కాస్త వాలుగా పడింది, సిరా చెదిరింది. అతను చింపి కింద పడేయబోతుంటే, ఆ ముక్క నాకిస్తావా అన్నాను. ఒకసారి ఎగాదిగా చూసి, నవ్వి, కాళ్ల దగ్గర పడినవి పిడికెడు తీసి చేతిలో పెట్టాడు. “మామయ్యా, అందరూ చూస్తున్నారు” అని మావాడు పక్కకు జరిగి, నేను ఎవరో తెలియనట్టు నిలబడ్డాడు.

మౌత్ కా కువా కూడా చూడాలి. చెక్కల బావి గోడ మీద మోటారు సైకిళ్లు తిరుగుతుంటే, మనం నిలబడ్డ అరుగు పలకలు కాళ్ల కింద వణుకుతాయి. 1910ల్లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో జనం ఎగబడి చూసిన విద్య ఇది. పెట్రోలు వాసన, దుమ్ము, నోటు అందుకోవడానికి చెయ్యి చాచే బండివాడు. పిల్లలను అంచు దగ్గర వదలకండి. మరుగుదొడ్ల శుభ్రత గురించి అడగకండి. ఆదివారం సాయంత్రం వెళ్లకండి.

మావాడి వాటా కింద వండర్‌లా. 2016లో రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకుని తెరిచారు. నాంపల్లి నుంచి దూరమే. దానికోసమే వచ్చేవారు శంషాబాద్, తుక్కుగూడ వైపు దిగడం తెలివైన పని. కొచ్చిలో 2000లో వీగాల్యాండ్ పేరుతో మొదలైన సంస్థకు ఇది మూడో పార్కు. రికాయిల్ అనే కోస్టర్ ముందుకు వెళ్లి, తలకిందులు చేసి, అదే పట్టాల మీద వెనక్కి తెస్తుంది. 1884లో లామార్కస్ థాంప్సన్ కోనీ ఐలాండ్‌లో 5 సెంట్లకు నడిపిన కోస్టర్ బండిలో చివరికి చేరాక జనం దిగాలి. బండిని మరో పట్టాకు తోస్తే మళ్లీ ఎక్కి తిరిగి రావాలి. వేగం గంటకు 10 కిలోమీటర్లు. వరుసలో నిలబడి ఈ కథంతా మావాడికి చెప్పాను. వాడు విన్నాడో లేదో తెలియదు, మొదటి మలుపులో మాత్రం నన్నే పిలిచాడు. సిబ్బంది బెల్టులు లాగి చూసే తీరు, నీళ్ల రైడ్ల దగ్గర కాపలా, రెండూ నాకు నచ్చాయి.

ఈ ప్రయాణంలో తిరిగిన జ్ఞాపికల దుకాణాల్లో ఒకదాని గురించి చెప్పాలి, పేరు వద్దు. కీ చెయిన్లు, కప్పులు, మెత్తటి కోతిబొమ్మలు, అన్నీ బేగం బజారులోనూ దొరికేవే. “ఈ పార్కు పాత మ్యాపు గాని, పోస్టు కార్డు గాని ఉందా అండీ?” అని అడిగితే, ఆ అమ్మాయి ఫోన్లో చూసుకోమని గోడమీద చతురస్రపు గుర్తు చూపించింది. తప్పు ఆమెది కాదు. అమ్మడానికి అన్నీ తెప్పించిన యాజమాన్యం తమ సొంత ముఖాన్నే అమ్మకానికి పెట్టలేదు. మొదటి ఏడాది మ్యాపును మళ్లీ అచ్చువేసి వంద రూపాయలకు పెడితే రెండు కొనేవాణ్ని, ఒకటి చూడటానికి, ఒకటి దాచడానికి.

అందుకే నా వేట చార్మినార్ పక్కన ముర్గీ చౌక్‌లో సాగింది. ఇత్తడి సామాను, ఆగిపోయిన గడియారాలు, గ్రామఫోను గొట్టాల మధ్య ఒక బిస్కెట్ డబ్బాలో వ్యూమాస్టర్ చక్రాలు, కళ్లకు పెట్టుకుని బొమ్మలు చూసే పరికరంలో పెట్టేవి! ఒకదాని మీద డిస్నీల్యాండ్ అని ఉంది. చక్రానికి 14 ఫిల్ము ముక్కలు, చూసే కళ్లకు 7 దృశ్యాలు. ఆకాశానికి ఎత్తి పట్టుకుంటే కోట గోడ గులాబీ రంగు ఏమీ పోలేదు. ఒక ముక్క ఊడిపోయింది. “ఎంత భాయ్?” అంటే చెప్పిన ధర విని డబ్బాలో పెట్టేశాను. “పాత సినిమాది సార్, అమెరికాది” అన్నాడు. సినిమా కాదని నేను చెప్పలేదు. సగం ధరకు వచ్చింది.

అక్కడి నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే, శుక్రవారం సెలవు. గంట కొట్టే గడ్డపు బొమ్మ ఉన్న గడియారం ముందు జనం కుర్చీల్లో కూర్చుని ఎదురుచూస్తారు. మధ్యాహ్నం 12కు వెళ్లండి, ఎక్కువసేపు కొడుతుంది. 1963లో డిస్నీల్యాండ్‌లో పాడిన యంత్రపు పిట్టలకు ఇలాంటి బొమ్మలే పూర్వీకులు. జూపార్కు దగ్గరి సుధా కార్స్ మ్యూజియం కూడా వదలొద్దు. 2005లో గిన్నిస్‌కెక్కిన అతి పెద్ద మూడు చక్రాల సైకిలు ఉంది, బ్యాటు, బూటు ఆకారాల్లో కార్లు ఉన్నాయి. సుధాకర్ ఒక్కరి పట్టుదల అది. కృత్రిమ మంచు పార్కు స్నో వరల్డ్ చల్లగా ఉంది, అంతే.

ఫిబ్రవరి నడుమ తర్వాత వచ్చేవారికి నుమాయిష్ ఉండదు. అప్పుడు నాంపల్లి బస దండగ, చార్మినార్ వైపు గది చూసుకోండి. మావాడిని అడిగితే మాత్రం రికాయిల్ ఒక్కటే చాలంటాడు. వాడి రిస్ట్ బ్యాండును బస్సులో వాడు నిద్రపోతున్నప్పుడు కత్తిరించి తీసుకున్నాను.